బయట తాళం, లోపల మనుషులు

"ఈ గదుల్లో ఎవరూ ఉండటం లేదు," అన్నాడు ఆఫీసరు.

ఆ మాట ఆయన గదుల్లో ఉండేవాళ్ళ మొహం మీదే అన్నాడు. రేకుల కప్పుల వరస మొత్తం బయటికొచ్చి నిలబడి ఉంది. గడ్డం మీద సబ్బు నురగ ఆరిపోతున్న డ్రైవరు, సగం జడ వేసుకున్న పిల్ల, చేతిలో గరిటె దించకుండానే పరిగెత్తుకొచ్చిన ముసలమ్మ, అందరూ ఉన్నారు. వాళ్ళకెదురుగా పచ్చరంగు బుల్డోజరు గుర్రుమంటోంది. దాని ఇనప చెయ్యి అప్పటికే మొదటి గది గోడలో దిగబడి ఉంది. గోడ పడిన చోట లోపలి మంచం కనపడుతోంది. మంచం మీద ఇటుకలు, ఇటుకల కింద ఇంకా వెచ్చగా ఉన్న దుప్పటి.

"ఎవరూ లేకపోతే మేమెవరమయ్యా? దయ్యాలమా?" అంది కండక్టరమ్మ. బస్సులో టిక్కెట్లు కొట్టే మనిషి. ఆమె గొంతు విప్పితే వీధి మలుపు దాకా వినపడుతుంది.

"మీరెవరో నాకెలా తెలుస్తుందమ్మా? సర్వే రోజున ప్రతి తలుపుకీ తాళం ఉంది. తట్టారు, పిలిచారు, ఎవరూ పలకలేదు. ఖాళీ అని రాశారు. ఖాళీ గదులు పడగొట్టమని ఆర్డరుంది."

"ఏ సర్వే? వచ్చే నెల కదా సర్వే అన్నారు!"

"అయిపోయింది."

జనంలో ఎవరికి వాళ్ళు వెనక్కి లెక్కేసుకున్నారు. తాళాలు పడిన రోజు. చీకటి గదుల్లో ఊపిరి బిగబట్టి కూర్చున్న రోజు. బయట ఎవరో తలుపులు తట్టుకుంటూ వెళ్ళిన రోజు. ఒక్కొక్కరి చూపే తిరిగి, వరస చివర కొళాయి పక్కన నిలబడి ఉన్న ఒక మనిషి మీద ఆగింది.

ఆమె నడుముకి తాళంచెవుల గుత్తి వేలాడుతోంది. వరసలో ప్రతి గది తాళంచెవీ ఆ గుత్తిలో ఉంది. అందుకే ఆమెను తాళాలక్క అంటారు.

ఆ వరసలో బతకడానికి ఒక పద్ధతి ఉంది. పాత మిల్లు మూతపడ్డాక ఆ గదులు ఎవరి చేతుల్లోకి పోయాయో వాళ్ళకే తెలియదు. అప్పటినుంచీ ఖాళీ చేయమని కాగితాలు పట్టుకుని మనుషులు వస్తూనే ఉన్నారు. కాగితం చేతికిస్తే చాలు, నోటీసు ఇచ్చినట్టే. ఇవ్వడానికి మనిషి దొరక్కపోతే వెనక్కి పోవాల్సిందే. అందుకని ఎవరైనా వస్తున్నారని తెలియగానే అందరూ లోపలికి దూరేవాళ్ళు, పొయ్యిలు ఆర్పేవాళ్ళు, పిల్లల్ని ఒళ్ళో కుక్కుకునేవాళ్ళు. తాళాలక్క వరస ఈ చివర నుంచి ఆ చివరి దాకా బయట తాళాలు వేసుకుంటూ పోయేది. తరవాత గుత్తి సంచీలో దాచుకుని వీధి మలుపు అవతల బస్టాపు బెంచీ మీద కూర్చునేది. అందరూ లోపల ఒకరి భుజం ఒకరికి ఆనించుకుని కూర్చుంటే, ఆమె ఒక్కతే బయట, రాని బస్సు కోసం చూస్తున్నట్టు నటిస్తూ. ఎందుకు ఆమే? ఎందుకంటే ఆమెకు లోపల కూర్చోబెట్టుకోవాల్సినవాళ్ళు లేరు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు, పని మాత్రం అప్పగించారు.

ఎన్నేళ్ళుగానో ఆ ఉపాయం పారింది. ఈసారి అదే పీకకి చుట్టుకుంది.

"ఎవరు చెప్పారు నీకు?" కండక్టరమ్మ ఆమె వైపు నడిచింది. "ఆ రోజు తాళాలెయ్యమని ఎవరు చెప్పారు?"

తాళాలక్క పెదవులు కదిలాయి. జనం భుజాల మీదుగా ఆమె చూపు ఒక మొహం దగ్గర ఆగింది. చిన్నోడు. ఆమె తమ్ముడు. వాడు తల చాలా కొంచెం అడ్డంగా ఊపాడు.

"దారిలో... ఎవరో అన్నారు," అంది. "మొహం గుర్తులేదు."

బుల్డోజరు మళ్ళీ గుర్రుమంది. చెయ్యి పైకి లేచి, రెండో గది ముందు నేలకి దిగింది. అప్పుడు మేస్త్రి తాత, జీవితమంతా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు కట్టి రేకుల కింద ముసలితనానికొచ్చిన తాత, మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి, దాని చివరనున్న ఇనప తొట్టిలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"తాతా, లే! ఏం చేస్తున్నావు?" బుల్డోజరు డ్రైవరు కేకేశాడు.

"ఖాళీగా ఉంది కదా, కూర్చున్నా," అన్నాడు తాత. "వాళ్ళ లెక్క ప్రకారం ఇక్కడ నేను కూడా లేను. భయమేముంది?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వే జనాన్ని కదిపింది. కండక్టరమ్మ వెళ్ళి తాత పక్కన కూర్చుంది. గడ్డం నురగ డ్రైవరు బుల్డోజరు పట్టాల ముందు చతికిలబడ్డాడు. ముసలమ్మ గరిటెతో సహా వచ్చి అతని పక్కన చేరింది. చూస్తుండగానే బుల్డోజరు చుట్టూ మనుషుల గోడ లేచింది.

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. ఆయన మొహంలో కోపం కన్నా విసుగే ఎక్కువ. "ఎల్లుండి హౌసింగ్ కమిటీ విచారణ ఉంది. అక్కడ చెప్పుకోండి. బండి మాత్రం ఇక్కడే ఉంటుంది."

*

చిన్నోడంటే వరసకి ప్రాణం. కరెంటు పని చేస్తాడు, మాట పంచదారలా ఉంటుంది. చవక ఇళ్ళ కోసం ఊరు మొత్తాన్ని కదిలించింది వాడే. కౌన్సిలు పెద్ద పెద్ద భవనాల మీద చిన్న పన్ను వేసి, ఆ డబ్బుతో పేదలకి ఇళ్ళు కట్టాలని పట్టుబట్టి ఫ్యాక్టరీ గేట్ల దగ్గర ఉపన్యాసాలిచ్చాడు. సగం కౌన్సిలు పెడితే మిగతా సగం మేమే పోగు చేస్తామని డబ్బా పట్టుకుని తిరిగాడు. ఆస్పత్రి ఆయాలు వేశారు, కాలేజీ పిల్లలు బస్సు చార్జీలు మిగిల్చి వేశారు, డ్రైవర్లు ఒక రోజు కూలి వేశారు. చివరికి చట్టం వచ్చింది. ఎవరు ఏ నేల మీద ఉంటున్నట్టు సర్వేలో తేలితే, ఆ నేల మీదే వాళ్ళకి పక్కా ఇల్లు. ఎవరూ ఉండటం లేదని తేలితే మాత్రం ఆ నేల అమ్ముకోవచ్చు. ఆ చివరి వాక్యం చట్టంలోకి ఎలా చొరబడిందో ఎవరూ పట్టించుకోలేదు. ఆ వేళ అందరూ చిన్నోణ్ణి భుజాల మీద ఎత్తుకుని తిప్పుతున్నారు.

తాళాలక్కకి వాడు తమ్ముడి కన్నా ఎక్కువ. అమ్మ పోయినప్పుడు వాడు చంకన ఎక్కే వయసు. చంక దించకుండానే పెంచింది.

సర్వే రోజు పొద్దున వాడే పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, కోర్టు మనుషులొస్తున్నారు! నోటీసు చేతికిచ్చారంటే సర్వే దాకా కూడా ఆగరు. తాళాలు వేసెయ్, తొందరగా!" అనేసి, పనికి వేళవుతోందని ఊరి ఆ చివరికి వెళ్ళిపోయాడు. ఆమె ఎప్పటిలాగే వేసింది.

వాణ్ణి ఎవరో మోసం చేసి ఉంటారు. వాడు ఆ మాట నమ్మి వచ్చి ఉంటాడు. పొద్దుటి నుంచీ ఆమె తనకి తాను ఇదే చెప్పుకుంటోంది.

సాయంత్రం కొళాయి దగ్గర మీటింగు పెట్టారు. కండక్టరమ్మ బల్ల మీదెక్కింది.

"యూనియన్ వకీలునడిగాను. వినండి. తాళాలు మన అంతట మనమే వేసుకున్నామంటే తప్పు మనది, సర్వే నిలబడుతుంది. ఎవరో అబద్ధం చెప్పి వేయించారని తేలితే సర్వే చెల్లదు, మళ్ళీ జరగాల్సిందే. కానీ ఎవరో అంటే సరిపోదు. సాక్షి నిలబడి మనిషిని చూపించాలి."

"సాక్షి ఉంది కదా!" ఎవరో అరిచారు. "మొహం గుర్తులేదంట!"

"గుర్తుకి రాకుండా నోట్లో ఏం కుక్కారో అడగండి!"

"ఈ నేల మీద కాంట్రాక్టరు టవరు కడతానంటున్నాడుగా. అందులో ఈవిడకో గది రాసిచ్చుంటాడు!"

"నోరు అదుపులో పెట్టుకో," అన్నాడు మేస్త్రి తాత.

"తాతా, నీ మంచితనం నీ దగ్గరుంచుకో. పడిపోయింది మా గది!"

అప్పుడు చిన్నోడు బల్లెక్కాడు. జనం సద్దుమణిగింది. వాడు చేయి ఎత్తితే చాలు, అలాగే సద్దుమణుగుతుంది.

"అన్నలూ, అక్కలూ! శత్రువు ఎవరో మనకి తెలుసు. ఈ నేల మీద టవరు లేపి గదుల్ని బంగారం లెక్కన అమ్ముకునేవాడు మన శత్రువు. మనలో మనం కొట్టుకుంటే వాడు పండగ చేసుకుంటాడు. మా అక్క అమాయకురాలు. ఎవరేం చెప్పినా నమ్ముతుంది. వదిలేయండి దాన్ని. విచారణలో నేను మాట్లాడతాను."

చప్పట్లు మోగాయి. తాళాలక్క తల దించుకుంది. తమ్ముడు తనను వెనకేసుకొచ్చాడు. అయినా చెంపమీద కొట్టినట్టు ఎందుకుందో ఆమెకు అర్థం కాలేదు.

మీటింగు ముగిశాక ఒకరొకరే వచ్చారు. "మా తాళంచెవి ఇచ్చెయ్యి." ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. గుత్తిలోంచి ఒక్కో చెవీ తీసి ఇస్తోంది. ముసలమ్మ తన చెవి తీసుకుని కొంగున ముడేసుకుని పోయింది. చివరికి గుత్తిలో ఒకే ఒక్కటి మిగిలింది, ఆమె గదిది. ఇన్నేళ్ళూ నడుస్తుంటే నడుము దగ్గర గలగలమనేది. గదిలోకి నడిచేటప్పుడు ఆ చప్పుడు లేదు. పక్క గదిలో ఎవరో నవ్వుతున్నారు, ఎవరో కంచాలు సర్దుతున్నారు. మధ్య గోడ రేకుది. ఇన్నాళ్ళూ ఆ గోడ మీద అటునుంచి ఎవరో ఒకరు తట్టి "తిన్నావా అక్కా?" అనేవాళ్ళు. ఆ సాయంత్రం ఎవరూ తట్టలేదు.

*

ఆమె పని పెద్ద హోటలు లాండ్రీలో. అక్కడి పక్క దుప్పట్లు ఎంత పెద్దవంటే ఒక్కరు మడతపెట్టలేరు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని ఎడంగా నిలబడి, విదిలించి, ఒకరి దగ్గరికొకరు నడిచి కొసలు కలపాలి. తాళాలక్కకి జోడీ వరసలోనే ఉండే బాలింత. మూడో గదిలో ఉంటుంది, మొన్నమొన్ననే పనిలో చేరింది.

మర్నాడు పొద్దున బాలింత ఆమె వైపు చూడలేదు. దుప్పటి ఒక కొస గోడ మేకుకి తగిలించి, రెండో కొస తను పట్టుకుని ఒక్కతే మడతపెట్టడం మొదలుపెట్టింది. దుప్పటి జారి నేల మీద పడింది. మళ్ళీ తగిలించింది. మళ్ళీ జారింది.

"నేల తడిగా ఉంది. మళ్ళీ ఉతకాల్సొస్తుంది," అంది తాళాలక్క.

బాలింత పళ్ళు కొరికింది. తరవాత కొస విసురుగా ఆమె చేతిలో పెట్టింది. ఇద్దరూ ఎడంగా జరిగారు. విదిలించారు. దగ్గరికొచ్చారు. కొసలు కలిశాయి, మొహాలు దగ్గరయ్యాయి.

"నిజంగా గుర్తులేదా అక్కా?"

ఎడంగా జరిగారు. మళ్ళీ దగ్గరికొచ్చారు.

"ఆ రోజు నేను చేసిన పని ఎవరికీ చెప్పలేదు," అంది బాలింత. "మా ఆయనకి కూడా."

"ఏం చేశావు?"

ఎడంగా జరిగారు. ఈసారి దగ్గరికి రావడానికి బాలింత చాలాసేపు తీసుకుంది.

"పాప ఏడ్చింది. వాళ్ళు మా తలుపు ముందున్నప్పుడే. నోరు నొక్కేశాను. మొహం నల్లబడిపోయింది అక్కా. ఇంకో క్షణం ఆగితే..." ఆమె దుప్పటిలో మొహం దాచుకుంది. "అదే వదిలేసి ఉంటే! గట్టిగా ఏడవనిచ్చి ఉంటే ఇల్లు దక్కేది. నా చేత్తో నేనే నొక్కేశాను."

"కోర్టు వాళ్ళనుకున్నావు కదే. నీ తప్పేముంది?"

"ఆ సర్వే అమ్మాయి ఆగింది. లోపల ఎవరో ఉన్నట్టున్నారే అంది. నా చెవులారా విన్నాను. పక్కన ఎవడో మగాడు, 'పిల్లి లెండి. ఖాళీ గదుల్లో పిల్లులు తిరుగుతుంటాయి' అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు, ఎవరో తెలియలేదు. ఆ కాంట్రాక్టరు మనిషే అయ్యుంటాడు." బాలింత ముక్కు తుడుచుకుంది. "నా బిడ్డని పిల్లి అన్నాడు. నేను లోపల దాని నోరు మూసి, వాడి మాట నిజం చేశాను. ఎవరికీ చెప్పకు అక్కా."

"చెప్పను."

ఆ పూట మిగతా దుప్పట్లన్నీ ఇద్దరూ కలిసే మడతపెట్టారు.

*

మధ్యాహ్నం తాళాలక్క తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళింది. ఊరి ఆ చివర, కొత్తగా రంగులేసిన ఒక ఫ్లాటులో వైర్లు లాగుతున్నాడు. గుమ్మం పైన కాంట్రాక్టరు బోర్డు ఉంది. లోపల గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. నేల ఎంత నున్నగా ఉందంటే, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

"వాడి దగ్గరే పని చేస్తున్నావా?"

"కూలికి ఎవడైతే ఏంటక్కా? తీగలకి తెలుసా అది ఎవడి గోడో?" చిన్నోడు స్టూలు దిగి నవ్వాడు. నవ్వు కళ్ళదాకా పోలేదు. "ఇక్కడికెందుకొచ్చావు?"

"నిన్ను ఒక మాట అడగాలి. కోర్టు మనుషులొస్తున్నారని నీకెవరు చెప్పారు?"

"చెప్పాడులే ఒకడు. టీ కొట్టు దగ్గర. నేనూ మోసపోయాను." వాడు వైరు చుట్టుకుంటూ కిటికీ వైపు తిరిగాడు. "నా బాధ నీకేం తెలుసు? రేయింబవళ్ళు తిరిగి తెచ్చిన చట్టం. అసలు ఆ సర్వే పిల్లకి కాస్త మనసుంటే ఆగేది. లోపల పసిబిడ్డ ఏడ్చినా చెవినపెట్టకుండా ఖాళీ అని రాసుకుపోయింది. ఏం మనుషులో!"

తాళాలక్క చేతిలో చెప్పులు జారి కిందపడ్డాయి.

"పసిబిడ్డ ఏడ్చిందా?"

"ఏడవలేదూ?"

"నువ్వు పనికి పోయావుగా. నీకెవరు చెప్పారు?"

"అందరూ అనుకుంటున్నారుగా."

"ఎవరూ అనుకోవడం లేదురా." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. "బిడ్డ తండ్రికే తెలియదు. తల్లి నోరు నొక్కేసిందని సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఇవాళ పొద్దున నాకొక్కదానికి చెప్పింది. లోపల విన్నది ఆ తల్లి. బయట విన్నది సర్వే అమ్మాయి. మూడోవాడు ఎవరు? పిల్లి అన్నవాడెవడు?"

చిన్నోడు చేతిలో వైరు చుట్ట ఆగిపోయింది. కింద వీధిలో ఏదో లారీ వెనక్కి పోతూ కూతపెట్టింది.

"అక్కా, ఇలా రా," అన్నాడు. ఆమె మోచెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. తలుపులు బార్లా తెరిచాడు. గాలి మొహాన కొట్టింది. "నీ జన్మలో కిటికీ ఉన్న గదిలో పడుకున్నావా? టవరులో కింది అంతస్తు, రెండు గదులు. ఒకటి నాకు, ఒకటి నీకు. మాట తీసుకున్నాను. ఇలాంటి కిటికీ, ఇలాంటి నేల. వరసలో ఉన్నవాళ్ళందరికీ ఇళ్ళొస్తాయని నువ్వు నమ్ముతున్నావా? రావు! డబ్బాలు పట్టుకుని తిరిగి తిరిగి నా కాళ్ళరిగాయి. పన్ను వేస్తారు, ఫండు పెడతారు, ఫోటోలు దిగుతారు, ఆఖరికి ఆ ఫండుతో టవరుకి రోడ్డు వేస్తారు. అందరికీ రానప్పుడు మనకైనా రాకూడదా? ఏం తప్పు చేశాను?"

"ఆస్పత్రి ఆయాలు నీ డబ్బాలో వేశారు కదరా."

"వేశారు. వాళ్ళ ఆస్తులేం రాసివ్వలేదు."

ఆమె కిటికీలోంచి చూసింది. చెట్ల పైభాగాలు కనిపిస్తున్నాయి. ఆకాశం అంత దగ్గరగా ఉంటుందని ఆమెకు తెలియదు. నిజంగానే బాగుంది. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"నువ్వు నోరు విప్పితే జనం నన్ను బతకనివ్వరు," అన్నాడు చిన్నోడు. ఆ భయం నటన కాదు. "అక్కా, నీకు నేను తప్ప ఎవరున్నారు? రేపు నీకు జ్వరమొస్తే నీళ్ళిచ్చేదెవరు? ఆ వరసా? నిన్న చూశావుగా. తాళంచెవులు లాక్కుని పోయారు."

ఆమె చెప్పులు వెతుక్కుని వేసుకుంది. వాడు వెనకనుంచి రెండుసార్లు పిలిచాడు. రెండుసార్లూ ఆగింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

ఇంటికి వెళ్ళే దారిలో బస్టాపు బెంచీ మీద కూర్చుంది, అలవాటు చొప్పున. బస్సులు వచ్చాయి, పోయాయి. ఎవరినీ కాపాడటం లేదు, ఎవరికీ తాళం వేయలేదు, అయినా అక్కడే కూర్చుంది. వాడన్న మాటలో అబద్ధం లేదు. వాడు తప్ప ఆమెకు ఎవరూ లేరు. వాడి పేరు చెబితే వాడు కూడా ఉండడు.

*

విచారణ రోజు తెల్లవారాక తాళాలక్క మేస్త్రి తాత గది ముందు నిలబడింది.

"తాతా, నా తలుపు ఊడదియ్యి."

తాత ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎందుకే? తలుపేం పాపం చేసింది?"

"ఇక ఎవరొచ్చినా తాళం ఉండకూడదు. తాళం వెయ్యడానికి తలుపే ఉండకూడదు."

తాత ఇంకేం అడగలేదు. సంచీలోంచి ఉలీ సుత్తీ తీశాడు. బందులు తుప్పు పట్టి ఉన్నాయి. సుత్తి చప్పుడుకి వరస మేలుకుంది. ఒకరొకరే గుమ్మాల్లోకి వచ్చి, చేతులు కట్టుకుని చూస్తున్నారు. తలుపు ఊడింది. గది నోరు తెరుచుకుంది. ఒక మంచం, ఒక పొయ్యి, గోడకి చిన్నోడి చిన్నప్పటి చొక్కా. ఇన్నేళ్ళుగా ఆమె ఎలా బతుకుతోందో వరస మొదటిసారి చూసింది.

"ఆ తలుపు కమిటీ దగ్గరికి మోసుకెళ్తాను," అంది తాళాలక్క. "ఖాళీ గదికి తలుపెందుకని అడుగుతాను."

ఆమె ఒక కొస ఎత్తింది. రెండో కొస లేవలేదు. బరువైన చెక్క. ఎవరూ కదలలేదు. ఆమె తలుపును నేలమీద ఈడ్చుకుంటూ ముందుకి నడిచింది. రాళ్ళ మీద చెక్క గీసుకుంటున్న చప్పుడు.

నాలుగు గదులు దాటేసరికి చప్పుడు ఆగింది. తలుపు తేలికయింది. వెనక్కి చూస్తే, బాలింత చంటిబిడ్డను వీపుకి కట్టుకుని రెండో కొస పట్టుకుని ఉంది.

"ఎడంగా జరుగు అక్కా. కాళ్ళకి తగులుతోంది," అంది. అంతే అంది.

"తాతా!" కండక్టరమ్మ కేక వీధి మలుపు దాకా వినపడింది. "నా తలుపు కూడా!"

ఆ తరవాత సుత్తి ఆగలేదు. డ్రైవరు తన స్పానరు తెచ్చాడు. ముసలమ్మ గరిటె కాడతో మేకులు పీకింది. తలుపు లేనివాళ్ళు, అంటే గది పడిపోయినవాళ్ళు, ఇటుకలు చేతుల్లో పట్టుకున్నారు. వరస వరసంతా వీధిలోకి వచ్చింది. నెత్తి మీద తలుపులు, తలుపుల మీద రంగు పెచ్చులు, పిల్లలు గీసిన బొమ్మలు, ఎప్పటివో మేకులు. బుల్డోజరు డ్రైవరు తన సీట్లోనే టోపీ తీసి, దారికి అడ్డంగా ఉన్న ఇనప చెయ్యిని పక్కకి జరిపాడు.

మలుపు దగ్గర చిన్నోడు ఎదురొచ్చాడు. ఒక్క క్షణం తెల్లబోయాడు. మరుక్షణం ఎవరిదో తలుపు కింద భుజం పెట్టి, "మా నేల!" అని అరిచాడు. "మాదే!" అంది జనం. వాడి గొంతు ఎప్పటిలాగే గంటలా మోగింది. తాళాలక్క ముందుకే చూస్తూ నడిచింది.

*

కౌన్సిలు హాలు గుమ్మంలో తలుపులు ఇరుక్కున్నాయి. బంట్రోతులు వద్దన్నారు. జనం అడ్డంగా తిప్పి లోపలికి తెచ్చారు. గోడల వెంట వరసగా నిలబెట్టారు. ఏ తలుపు ముందు ఆ తలుపు మనుషులు నిలబడ్డారు. హాల్లోకి వీధి నడిచి వచ్చినట్టయింది.

"ఇదేం నాటకం?" అన్నాడు కాంట్రాక్టరు. ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పక్కన ఆఫీసరు.

"నాటకం కాదు సారూ, ఖాళీ గదులు," అంది కండక్టరమ్మ. "తట్టి చూడండి. ఈసారి పలుకుతాయి."

హాలు గొల్లుమంది. కమిటీ అధ్యక్షురాలు బల్ల మీద కొట్టింది. నెరిసిన జుట్టు, అలిసిన కళ్ళు. "సర్వే చెల్లదని మీరంటున్నారు. తాళాలు వేసింది ఎవరు?"

"నేను," అంది తాళాలక్క.

"ముందుకి రండి. ఎందుకు వేశారు?"

"కోర్టు మనుషులొస్తున్నారని చెబితే వేశాను."

"చెప్పిందెవరు?"

చిన్నోడు చటుక్కున లేచాడు. "మేడమ్, ఆవిడ మా అక్క. పెద్దగా లోకం తెలియదు. ఆ రోజు దారిలో ఎవరో చెప్పారట, మొహం గుర్తులేదట. అందరి తరఫునా నేను మాట్లాడతాను."

"పాపం, ఆవిణ్ణి ఇబ్బంది పెట్టకండి," అన్నాడు కాంట్రాక్టరు మెత్తగా. ఆ మెత్తదనానికి మేస్త్రి తాత తల తిప్పి చూశాడు. ముందు కాంట్రాక్టరుని, తరవాత చిన్నోణ్ణి.

"ఆవిడనే చెప్పనివ్వండి," అంది అధ్యక్షురాలు. "అమ్మా, గుర్తుందా లేదా? లేదంటే సర్వే ఖాయం చేసి ముందుకి పోవాల్సి వస్తుంది."

తాళాలక్క తమ్ముడి వైపు చూసింది. వాడి పెదవులు చప్పుడు లేకుండా అక్కా అన్నాయి. మొదటిసారి మాటలు నేర్చినప్పుడు కూడా వాడు అన్నది ఆ మాటే. అమ్మ అనడానికి వాడికి అమ్మ లేదు.

బాలింత వీపు మీద బిడ్డ ఒక్కసారిగా ఏడుపు అందుకుంది. బాలింత చెయ్యి అలవాటుగా వెనక్కి పోయింది. పోయి, ఆగింది. నోరు ముయ్యలేదు. బిడ్డ హాలు అదిరేలా ఏడ్చింది. ఎవరూ వద్దనలేదు.

తాళాలక్క నడుము తడుముకుంది. ఒంటి తాళంచెవి తీసి అధ్యక్షురాలి బల్ల మీద పెట్టింది.

"మొహం గుర్తుంది," అంది. "ఆ మొహానికి రోజూ నీళ్ళు పోసి తుడిచిన చెయ్యి ఇది. నేల కావాల్సింది కాంట్రాక్టరుకి. దొంగచాటుగా సర్వే పెట్టించింది ఆఫీసరు. ఏడ్చిన బిడ్డని పిల్లి అని చెప్పి, నా చేత ఇంతమంది మీద తాళం వేయించినవాడు మాత్రం వాళ్ళింటివాడు కాదు."

"మరి ఎవరు? గట్టిగా చెప్పండి."

ఆమె చెయ్యెత్తి చూపించింది.

"మా చిన్నోడు. నా తమ్ముడు."